మూడు హెచ్‌పీ అడిగిన ఇంట్లో ఒక హెచ్‌పీ మోటారు: మైపాడు దారిలో ఒక పూల్ కేస్ స్టడీ

ఇల్లు ఇందుకూరుపేట మండలంలో, నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి పోయే దారిలో ఉంది. ఇంటాయనకు రొయ్యల చెరువులు ఉన్నాయి. పెరట్లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు స్విమ్మింగ్ పూల్. లోతు ఒక చివర 1.1 మీటర్లు, రెండో చివర 1.7. సగటున 1.4 అనుకుంటే నీళ్లు దాదాపు 45 వేల లీటర్లు. ఇంటి వెనక పంపు రూములో 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 24 అంగుళాల శాండ్ ఫిల్టర్ ఉన్నాయి. పూల్ నుంచి పంపు రూముకి 22 మీటర్ల దూరం 50 మిల్లీమీటర్ల పైపు, అదంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరుపు కింద ఉంది. ఈ పైపు సంగతి గుర్తుంచుకోండి, చాలా లెక్కలు దీని దగ్గరే తేలాయి.

సమస్య ఇది. మోటారు రోజుకు 10 గంటలు తిరుగుతోంది. అయినా మార్చి నెల వచ్చేసరికి నీళ్లు పచ్చబడుతున్నాయి, కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగిపోతోంది. మోటారు పాతది, సీల్ దగ్గర కారుతోంది, బేరింగు శబ్దం కూడా మొదలైంది. ఎలాగూ మార్చాలి కాబట్టి 3 హెచ్‌పీ పెట్టేయమని ఒక షాపు వాళ్లు కొటేషన్ ఇచ్చారు. డల్లాస్‌లో ఉన్న కొడుకేమో "ఇక్కడ అందరూ వేరియబుల్ స్పీడే వాడతారు నాన్నా, అది పెట్టించు" అన్నాడు. అంటే వేగం పెంచి తగ్గించుకోగల మోటారు, దాని ధర 90 వేలు. ఈ రెండిట్లో ఏది అని తేల్చమని నన్ను పిలిచారు.

ఇంటాయన వాదన ఆయన చెరువుల నుంచి వచ్చింది. "చెరువులో డీఓ పడిపోతే ఇంకో ఏరియేటర్ ఏస్తాం గదా సార్. ఇదీ అంతే గదా?" డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఏరియేటర్ అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రం. చెరువు విషయంలో ఆ మాట సరైనదే. రెండో ఏరియేటర్ తన చుట్టూ ఉన్న నీటిని తాను కొడుతుంది, మొదటిదానికి అడ్డం రాదు. పూల్ మోటారు అలా కాదు. దానికి ఉన్నది ఒకే దారి: అదే సన్నటి పైపు, అదే ఫిల్టర్. దారి ఇరుకైనప్పుడు మోటారు పెంచితే నీళ్లు పెద్దగా పెరగవు, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఎంత ఇరుకో కొలవకుండా ఈ మాట చెప్తే నేనూ ఊరికే మాట్లాడుతున్నట్టే. అందుకే ముందు గేజ్‌లు పెట్టాను.

ఫిల్టర్ మీద ఉన్న ప్రెజర్ గేజ్ ఉప్పుగాలికి తుప్పు పట్టి, ముల్లు సున్నా దగ్గర ఇరుక్కుపోయింది. ఈ పక్క ఊళ్లలో సగం పూల్స్‌లో ఇదే పరిస్థితి. నాలుగైదు వందల రూపాయల గేజ్ లేక, మూడేళ్లు గుడ్డిగా మోటారు తిప్పుతుంటారు. కొత్త గేజ్ పెడితే 1.4 బార్ చూపించింది, అంటే 14 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి. మోటారు ముందున్న బుట్ట మూత దగ్గర వాక్యూమ్ గేజ్ పెడితే 30 సెంటీమీటర్ల పాదరసం, నీటి లెక్కలో 4 మీటర్లు. రెండూ కలిపి మోటారు మోస్తున్న భారం 18 మీటర్లు. ఆ మోడల్ పంపు కర్వ్‌లో (ఎంత భారానికి ఎన్ని నీళ్లు ఇస్తుందో చూపే కంపెనీ గ్రాఫు) 18 మీటర్ల దగ్గర చూస్తే గంటకు సుమారు 14 ఘనపు మీటర్లు, అంటే 14 వేల లీటర్లు. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 9 యాంపియర్లు, వోల్టేజి 225. పవర్ ఫ్యాక్టర్ కలిపి చూస్తే 1.88 కిలోవాట్లు.

ఈ నాలుగు అంకెలతోనే చాలా విషయం బయటపడింది. ఇంటి పూల్‌లో నీరంతా ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగి రావడానికి 6 నుంచి 8 గంటలు పట్టినా సరిపోతుంది. ఇక్కడ 45 వేల లీటర్లు 3 గంటల చిల్లరలోనే ఒక చుట్టు పూర్తి చేస్తున్నాయి. పది గంటల్లో మూడు చుట్లు. అంటే నీళ్లు పచ్చబడటానికి మోటారు చిన్నదవడం కారణం కానే కాదు. ఇంకోపక్క, 50 మిల్లీమీటర్ల పైపు లోపలి వ్యాసం 45 మిల్లీమీటర్లే. అందులో గంటకు 14 ఘనపు మీటర్లంటే నీటి వేగం సెకనుకు దాదాపు 2.4 మీటర్లు. సక్షన్ పైపులో, అంటే పూల్ నుంచి మోటారుకి నీరు లాగే పైపులో, 1.5 దగ్గర ఉంచాలన్నది మా పనిలో అందరూ పాటించే హద్దు. 3 హెచ్‌పీ పెడితే ఏమవుతుంది? ఇలాంటి పైపింగ్‌లో నీరు పెరిగిన కొద్దీ రాపిడి వర్గం లెక్కన పెరుగుతుంది, నీరు రెట్టింపైతే రాపిడి నాలుగు రెట్లు. 14 ఘనపు మీటర్లకు 18 మీటర్లయితే, 16కి 23 మీటర్లు దాటుతుంది. అంత ఒత్తిడి తెచ్చే పూల్ మోటార్లు అరుదు. అంటే ఒకటి, మహా అయితే ఒకటిన్నర ఘనపు మీటర్ల నీళ్ల కోసం కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు కట్టాలి. పైగా సక్షన్‌లో గాలి బుడగలు పుట్టి, ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) గులకరాళ్లు తిప్పినట్టు చప్పుడు చేస్తుంది. ఆ కొటేషన్‌ని అక్కడితో పక్కన పెట్టేశాం.

మరి పచ్చదనం ఎందుకు? నీళ్లు పరీక్షిస్తే క్లోరిన్ 3 పీపీఎం ఉంది, అంటే చాలినంత. పీహెచ్ మాత్రం 8.2, ఫినాల్ రెడ్ చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు. క్లోరిన్‌లో క్రిములను చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8 దాటితే అయిదో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ ఎంత పోసినా పని చేసేది ఆ అయిదో వంతే. దానికి తోడు, ఇక్కడ వాడుతున్నది బ్లీచింగ్ పౌడర్. అందులో సున్నం ఉంటుంది, అది పీహెచ్‌ని ఇంకా పైకి తోస్తుంది. బోరు నీళ్లు అసలే కఠినం, సముద్రం పక్క మండలాల్లో వేరే మాట ఉండదు. ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే సైనూరిక్ యాసిడ్ ఈ నీళ్లలో బొత్తిగా లేదు. ఏప్రిల్ ఎండకి పొద్దున పోసిన క్లోరిన్ మధ్యాహ్నానికి ఆవిరే.

ఫిల్టర్ మూత తీయించాను. పైన రెండంగుళాల మందాన ఇసుక సున్నంతో గడ్డకట్టి పెచ్చులాగా ఉంది, చేత్తో విరిస్తే ముక్కలుగా వచ్చింది. నీళ్లు ఇసుకలోకి దిగకుండా గోడ పక్కన చేసుకున్న బొక్కల్లోంచి కిందికి పోతున్నాయి. అంటే రోజుకు మూడుసార్లు తిరుగుతున్న నీరు సరిగ్గా ఒక్కసారి కూడా వడకట్టబడటం లేదు. అడుగున ఇసుకను ఆపి నీటిని మాత్రం పోనిచ్చే ల్యాటరల్ గొట్టాల్లో ఒకటి చీలింది. పూల్‌లోకి నీరు తిరిగొచ్చే రిటర్న్ జెట్ కింద సన్న ఇసుక కుప్పగా పడుతోందని ఇంట్లో వాళ్లు అంటే పిల్లలు బీచ్ నుంచి కాళ్లకు తెచ్చారని అనుకున్నారట.

ఇసుక గురించి ఒక మాట. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక గనులు మనకు దగ్గరే కాబట్టి, లారీ మనిషిని పట్టుకుంటే చవగ్గా వస్తుందని చాలామంది అంటారు. గాజు ఫ్యాక్టరీలకు పోయే ఆ సన్న ఇసుకను తెచ్చి ఫిల్టర్‌లో పోస్తే, ల్యాటరల్‌కి ఉండే సన్న గాట్లలోంచి జారి పూల్‌లోకే వస్తుంది. పూల్ ఫిల్టర్‌కి 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య జల్లెడ పట్టి, కడిగిన ఇసుక కావాలి. అది సంచుల్లో దొరుకుతుంది. ఈ ఫిల్టర్‌కి సుమారు 150 కిలోలు పట్టింది.

ఇసుక మార్చి, చీలిన ల్యాటరల్ స్థానంలో కొత్తది వేసి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ విడతలు విడతలుగా పోసి పీహెచ్‌ని 7.4కి తెచ్చాం. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకే మూల పెట్టకూడదని పనివాళ్లకి గట్టిగా చెప్పాను. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, గాలి ఆడని పంపు రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కొన్నాళ్లు బ్లీచింగ్ మానేసి టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసైనూరిక్ యాసిడ్) అనే క్లోరిన్ బిళ్లలకు మారాం. వాటిలో సైనూరిక్ యాసిడ్ కలిసే ఉంటుంది. అది 30 నుంచి 50 పీపీఎం చేరాక బిళ్లలు తగ్గించాలి, లేకపోతే ఎక్కువైపోయి క్లోరిన్‌నే కట్టేస్తుంది. వారంలో అడుగున టైల్స్ గీతలు స్పష్టంగా కనిపించాయి.

ఇక్కడి నుంచే మోటారు సంగతి అసలు మొదలైంది. ఇసుక మారాక గేజ్ 0.8 బార్‌కి దిగింది. ఆ అంకెని మార్కర్‌తో ఫిల్టర్ మీద రాసిపెట్టాను. ముల్లు అక్కడి నుంచి అర బార్ పెరిగితే బ్యాక్‌వాష్ (నీటిని తిరగదిప్పి ఇసుకను కడగడం) చేయాలన్నది గుర్తు. క్లాంప్ మీటర్ మాత్రం 9 నుంచి 9.6 యాంపియర్లకి పెరిగింది. ఇంటాయనకి టెన్షన్. "బాగు చేస్తే కరెంటు ఎక్కువ తింటాందేంది?" దీనికి జవాబు చెప్పడం ప్రతి ఇంట్లోనూ కష్టమే. ఇలాంటి సెంట్రిఫ్యూగల్ మోటారు ఎంత నీటిని తోస్తే అంత కరెంటు లాగుతుంది. అడ్డం తీసేస్తే నీళ్లు పెరుగుతాయి, దాంతోపాటు యాంపియర్లూ పెరుగుతాయి. వాల్వ్ మూసేస్తే తగ్గుతాయి. అందుకే ఒక్క యాంపియర్ చూసి మోటారు మంచిదో చెడ్డదో చెప్పలేం.

గేజ్‌ల లెక్కన ఇప్పుడు వస్తున్నది గంటకు 17 ఘనపు మీటర్లు, లాగుతున్నది 2 కిలోవాట్లు. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. 24 అంగుళాల ఫిల్టర్‌లో ఇసుక వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. 17 ఘనపు మీటర్లంటే చదరపు మీటరుకి గంటకు 60. శాండ్ ఫిల్టర్‌కి 50 దాటితే సన్న మురికి ఇసుకలో నిలవకుండా జారిపోతుంది. నిజంగానే, పచ్చదనం పోయినా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు నీళ్లలో సన్న పొగలాంటిది కనిపిస్తూనే ఉంది. పాత మోటారు పాత ఫిల్టర్‌కి చిన్నదనుకున్న ఇంట్లో, ఫిల్టర్ బాగయ్యాక అదే మోటారు పెద్దదైపోయింది.

అప్పుడు చేసిన పని ఇంట్లో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. రిటర్న్ పైపు మీదున్న వాల్వ్‌ని మెల్లగా మూస్తూ, గేజ్‌ల ప్రకారం నీటిని 12.5 ఘనపు మీటర్లకి తెచ్చి అక్కడ ఆపాం. కొన్ని వారాలు అలాగే నడిపాం. వాల్వ్ నొక్కి నడపడం కరెంటు దండగ, మోటారు కష్టపడి తెచ్చిన ఒత్తిడి వాల్వ్ దగ్గరే పోతుంది. అయినా ఇలా నడిపితే కొనకముందే చిన్న మోటారు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. నీటి పైమట్టం దగ్గరుండే స్కిమ్మర్ ఆకుల్ని లాగుతుందా? అడుగు చీపురు పైపుకి బలం చాలుతుందా? లోతు చివర నీరు కదలకుండా ఉండిపోతోందా? స్కిమ్మర్ బాగానే లాగింది. అడుగు శుభ్రం చేసేటప్పుడు మెయిన్ డ్రెయిన్ వాల్వ్ మూసి, సక్షన్ అంతా గొట్టానికే ఇస్తే సరిపోయింది. బ్యాక్‌వాష్‌కి మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది. నీటి పొగ పోయింది. అంటే ఈ పూల్‌కి గంటకు 12.5 ఘనపు మీటర్లు చాలు.

ఇక డబ్బు లెక్క. మన దగ్గర ఇళ్ల బిల్లులో 400 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 9.75 రూపాయలు, పైన సర్దుబాటు చార్జీలు, డ్యూటీ వేరు. ఏసీలున్న ఇల్లు కాబట్టి ఈ 400 పూల్ లేకుండానే దాటిపోతాయి. అందువల్ల మోటారు తినే ప్రతి యూనిట్‌ని ఆఖరి స్లాబు రేటుతోనే లెక్కేయాలి. సగటు రేటుతో లెక్కేస్తే తప్పు తేలుతుంది. పాత పద్ధతిలో రోజుకు 10 గంటలంటే 18.8 యూనిట్లు, నెలకు 564, దాదాపు 5,500 రూపాయలు.

కొడుకు పంపిన లెక్కలో వేరియబుల్ స్పీడ్ మోటారు రెండేళ్లలో తన ఖర్చు తాను తెచ్చుకుంటుందని ఉంది. ఆ లెక్కలో కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. పోల్చింది మాత్రం 10 గంటల పాత పద్ధతితో. ఇసుక మారాక, వేసవిలో రోజుకు కావాల్సిన రెండు చుట్లకు 2 హెచ్‌పీయే 5 గంటల చిల్లర తిరిగితే చాలు, రోజుకు 10.6 యూనిట్లు. టైమర్ తిప్పితే వచ్చే ఆదాని కూడా కొత్త మోటారు ఖాతాలో రాసుకుంటే ఏ మోటారైనా బంగారంలాగే కనిపిస్తుంది. కాబట్టి 18.8ని మరిచిపోయి 10.6 నుంచి మొదలుపెట్టాం.

వేరియబుల్ స్పీడ్ వెనక ఉన్న సూత్రం మాత్రం గట్టిది. వేగం సగం చేస్తే నీరు సగమవుతుంది, ఒత్తిడి నాలుగో వంతుకి, కరెంటు ఎనిమిదో వంతుకి పడుతుంది. పూల్‌లో ఇది పూర్తిగా పనికొస్తుంది, ఎందుకంటే నీరు బయల్దేరిన మట్టానికే తిరిగి వస్తుంది, ఎత్తాల్సిన ఎత్తు లేదు. బోరు మోటారు దీనికి వ్యతిరేకం. వేగం తగ్గిస్తే ఒక హద్దు తర్వాత చుక్క కూడా పైకి రాదు. రైతులకు బోరు అనుభవం ఉంటుంది కాబట్టి "మెల్లగా తిప్పితే ఏం నీళ్లొస్తయ్" అని నమ్మరు. ఈ ఇంట్లో నిదానంగా గంటకు 7.5 ఘనపు మీటర్లతో 12 గంటలు, శుభ్రం చేయడానికి ఒక గంట వేగంగా నడిపితే రోజుకు నాలుగున్నర యూనిట్ల లోపే తేలుతుంది.

ఒక హెచ్‌పీ మామూలు మోటారు 12.5 ఘనపు మీటర్లకు 0.95 కిలోవాట్లు లాగుతుంది. రెండు చుట్లకు ఏడు గంటల పైచిలుకు, రోజుకు 6.8 యూనిట్లు. ధర 25 వేల చుట్టుపక్కల. 2 హెచ్‌పీతో పోలిస్తే రోజుకు 3.8 యూనిట్లు మిగులుతాయి, వేసవి నెలల్లో నెలకు 1,100 రూపాయలు. చలికాలంలో ఒక చుట్టుతో సరిపెడతాం కాబట్టి అప్పుడు ఇందులో సగం. ఎలాగూ పాత మోటారుకి సీల్, బేరింగుల ఖర్చు ఉంది. వేరియబుల్ స్పీడ్ దీనికంటే రోజుకు ఇంకో 2.3 యూనిట్లు, అంటే నెలకు ఓ 700 రూపాయలు మిగిలిస్తుంది, దానికోసం 65 వేలు అదనంగా పెట్టాలి. ఏడాదంతా వేసవి లెక్కే పట్టుకున్నా ఏడెనిమిదేళ్ల మాట. ఈ గాలిలో, ఈ లైన్ల మీద ఆ మోటారు తలకాయలో ఉండే బోర్డు అన్నాళ్లు ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. పోతే బోర్డు చెన్నైకి పంపాలి. వేసవిలో పూల్ ఆగిపోయి కూర్చుంటే 700 ఎవరికి కావాలి?

కొడుక్కి ఫోన్‌లో ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో 2021 జూలై నుంచి పూల్ పంపుల సామర్థ్యం మీద కేంద్ర స్థాయి నిబంధన అమల్లోకి వచ్చింది. ఒక మోస్తరు సైజు దాటిన ఫిల్టర్ పంపులు ఆ హద్దు అందుకోవాలంటే దాదాపు వేరియబుల్ స్పీడే కావాలి. చిన్న పంపులకు అంత బిగింపు లేదు. అక్కడ అందరూ వాడటంలో ఇష్టం కంటే ఈ నిబంధన పాత్రే ఎక్కువ. మన దగ్గర అలాంటిది లేదు, కాబట్టి లెక్కే దిక్కు. కొడుకు మరో మంచి ప్రశ్న వేశాడు: అదే 65 వేలు సోలార్‌లో పెడితే? పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు 300 యూనిట్ల పైనే ఇస్తాయి. వేరియబుల్ స్పీడ్‌తో అదనంగా మిగిలేది నెలకు 70. ఆ మాటతో తండ్రీ కొడుకుల మధ్య వేరియబుల్ స్పీడ్ గొడవ ముగిసింది.

చివరికి పెట్టింది 1 హెచ్‌పీ, త్రీ ఫేజ్ మోడల్. హెచ్‌పీ అంకె చూసి కొనొద్దని చెప్పి, కంపెనీ కర్వ్‌లో 7, 8 మీటర్ల దగ్గర 12 నుంచి 13 ఘనపు మీటర్లు ఇచ్చేది ఏరుకున్నాం. ఒకే హెచ్‌పీ పేరుతో అమ్మే రెండు మోటార్లు ఆ దగ్గర చాలా తేడాగా ఉంటాయి. పంపు రూములో అవసరం లేని ఎల్బోలు రెండు తీసేశాం. గ్రానైట్ కింద పైపు జోలికి పోలేదు. త్రీ ఫేజ్ ఎందుకంటే, ఇంటి కనెక్షన్ త్రీ ఫేజే, పైగా దీనికి తర్వాత మామూలు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) తగిలించుకోవచ్చు. పాత సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారుకి ఆ వీలు లేదు. ఈ పల్లెల్లో ఒక ఫేజ్ పోవడం మామూలే కాబట్టి, అలా పోగానే మోటారుని ఆపేసే ప్రివెంటర్ లేకుండా స్విచ్ వేయనివ్వలేదు.

వీఎఫ్‌డీ 12 నుంచి 15 వేలలో వస్తుంది. 65 వేలకు తెగని లెక్క ఈ ధరకి తెగుతుంది, చలికాలం సగం ఆదా కూడా పట్టుకుంటే రెండేళ్లు, రెండున్నరేళ్లు. వెంటనే పెట్టకపోవడానికి ఒకటే కారణం. డ్రైవ్‌ని పంపు రూములో పెడితే ఉప్పుగాలి, యాసిడ్ ఆవిరి కలిసి తినేస్తాయి. ఇంట్లో మెయిన్ బోర్డు పక్కన పెట్టి, అక్కడి నుంచి మోటారుకి షీల్డు కేబుల్ లాగాలి. దానికి గోడ కొట్టాలి, ఇంటావిడ ఒప్పుకోవాలి. రంగులు వేయించేటప్పుడు చూద్దామన్నారు. ఈలోగా రోజూ గేజ్ అంకె, మోటారు తిరిగిన గంటలు గోడ మీద క్యాలెండర్‌లో రాయమని పనబ్బాయికి అప్పజెప్పాం. రాస్తున్నాడు, ఆదివారాలు తప్ప.